విత్తనాన్వేషి వావిలోవ్

ఒంగోలు పరిసరాల నల్లరేగడి నేలల్లో పత్తి, మిరప, పొగాకు ఇంతగా విస్తరించక పూర్వం జొన్న ఒక ముఖ్యమైన పంట. గింజ మనిషికి ఆహారం, చొప్ప పశువుకు మేత. లోకప్రసిద్ధి గాంచిన ఒంగోలు జాతి పశువులను పోషించిన మేతలో జొన్నచొప్పది పెద్ద పాలు. ఆ జొన్న చేలలో అప్పుడప్పుడు ఒక చిన్న మొక్క కనిపిస్తుంది. జానెడు ఎత్తున పెరిగి, తెల్లని సన్నపూలు పూసే ఆ మొక్కను రైతులు జొన్నమల్లె అంటారు. పేరు విని ముచ్చటపడరాదు. అది జొన్నను పీల్చి బ్రతికే పరాన్నభుక్కు. శాస్త్రజ్ఞులు దానిని స్ట్రైగా అని పిలుస్తారు.

జొన్నమల్లె విత్తనం కంటికి ధూళివలె కనిపించేటంత సూక్ష్మమైనది. ఒక్కొక్క మొక్క వేల సంఖ్యలో విత్తనాలను రాలుస్తుంది. అవి పదేండ్లకు పైగా కూడా నేలలో నిద్రాణంగా ఉండగలవు. జొన్న వేరు సమీపానికి వచ్చి, ఆ వేరు స్రవించే ఒక రసాయనం సోకినప్పుడే వాటికి మెలకువ వస్తుంది. మొలకెత్తిన వెంటనే మల్లె తన చూషకాన్ని జొన్న వేరులోనికి చొప్పించి నీటినీ, పోషకాలనూ పీల్చుకోవడం మొదలుపెడుతుంది. నేలలో తేమ ఉన్నప్పటికీ జొన్న ఆకులు వాడిపోతాయి. మల్లె నేలపైకి తల ఎత్తేసరికే లోపల జరగవలసిన నష్టం చాలావరకు జరిగిపోయి ఉంటుంది. అప్పుడు దానిని పీకివేసినా ఆ పంటకు కలిగే మేలు స్వల్పమే.

అయితే అన్ని జొన్నలూ దీనికి లొంగవు. ఒకే నేలలో, ఒకే వానకు పెరిగిన రెండు రకాలలో ఒకటి వాడి నేలకొరిగితే, మరొకటి పచ్చగా నిలిచి కంకి వేయవచ్చు. ఎందుకిలా జరుగుతుంది? నిలిచిన మొక్కలోని ఆ బలం దాని సంతతికి సంక్రమిస్తుందా? అటువంటి బలం గల రకాలను ఎక్కడ వెదకాలి? పంట మొక్కలకూ, వాటి పరాన్నజీవులకూ సంబంధించిన ఈ ప్రశ్నలను ఒక శాస్త్రంగా కూర్చిన తొలి మహనీయులలో ఒకడు రష్యా దేశస్థుడు నికొలాయ్ ఇవానోవిచ్ వావిలోవ్. ఆయన ప్రధానంగా పరిశోధించినది గోధుమ వంటి పంటలను పట్టి పీడించే శిలీంద్రాలను. కాని ఆయన వేసిన బాట జొన్నమల్లె వరకూ సాగింది.

వావిలోవ్ 1887 నవంబరు 25న మాస్కో నగరంలో జన్మించాడు. తండ్రి ఇవాన్ ఒక పల్లెటూరి రైతు కుటుంబానికి చెందినవాడు. చిన్నతనంలోనే మాస్కో చేరి, దుకాణంలో పని నేర్చి, స్వయంకృషితో వస్త్ర వ్యాపారిగా ఎదిగాడు. పంటలు పోయినప్పుడు తమ పల్లె పడిన బాధలను ఆయన ఇంటిలో చెబుతూ ఉండేవాడు. వావిలోవ్‌కు నాలుగేండ్ల వయస్సు ఉండగా, 1891-92లో రష్యాను ఘోరమైన కరువు పీడించింది. ఆకలి అనే మాట ఆ ఇంటి పిల్లలకు పుస్తకాలలో చదువుకొన్న మాట కాదు. తమ్ముడు సెర్గేయ్ భౌతికశాస్త్రాన్ని ఎన్నుకొని ఆ రంగంలో సుప్రసిద్ధుడైనాడు. అన్న మాత్రం మట్టిని ఎన్నుకొన్నాడు. తండ్రి కోరిక కుమారులు వ్యాపారంలో స్థిరపడాలని. అది నెరవేరలేదు.

1906లో వావిలోవ్ మాస్కో వ్యవసాయ విద్యాలయంలో చేరాడు. పట్టా కొరకు ఆయన ఎంచుకొన్న విషయం పొలాలను పాడుచేసే నత్తలు. చదువు ముగిసిన పిదప కొంతకాలం సెంట్ పీటర్స్‌బర్గ్‌లో పంట మొక్కలను గురించీ, వాటి తెగుళ్ళను గురించీ పరిశోధించే సంస్థలలో శిక్షణ పొందాడు. గోధుమ, ఓట్లు మొదలైన ధాన్యాల అనేక రకాలను పక్కపక్కనే విత్తి, ఏది తుప్పు తెగులుకు లొంగుతున్నదో, ఏది బూడిద తెగులును తట్టుకొంటున్నదో పరిశీలించడం ఆయన నిత్యకృత్యమైంది.

1913లో ఆయన ఇంగ్లండు వెళ్ళాడు. కేంబ్రిడ్జిలో రోలండ్ బిఫెన్ అనే ఆచార్యుడు అప్పటికే ఒక గొప్ప సత్యాన్ని నిరూపించి ఉన్నాడు. గోధుమ తుప్పు తెగులును తట్టుకొనే గుణం మెండెల్ చెప్పిన సూత్రాల ప్రకారమే తల్లిదండ్రుల నుండి సంతతికి సంక్రమిస్తుందని ఆయన 1905లో ప్రకటించాడు. జన్యుశాస్త్రానికి ఆంగ్ల భాషలో ఆ పేరు పెట్టిన విలియం బేట్‌సన్ వద్ద కూడా వావిలోవ్ కొంతకాలం పనిచేశాడు. ఆ ఇద్దరి సాంగత్యం ఆయన మార్గాన్ని నిర్దేశించింది. నిరోధకశక్తి అదృష్టం కాదు, వాతావరణపు చలువ మాత్రమే కాదు, అది గింజలో దాగిన వారసత్వం అనే విశ్వాసం ఆయనలో స్థిరపడింది. 1914లో ప్రపంచయుద్ధం ప్రారంభం కావడంతో స్వదేశానికి తిరిగి వచ్చాడు.

యుద్ధకాలంలోనే ఒక విచిత్ర సంఘటన ఆయనను తూర్పుదేశాల దారి పట్టించింది. 1916లో పర్షియాలో ఉన్న రష్యా సైనికులు అక్కడి రొట్టె తిని తలతిరిగి పడిపోసాగారు. కారణం కనిపెట్టడానికి వావిలోవ్‌ను పంపారు. గోధుమ చేలలో గోధుమతో పాటే పెరిగే ఒక కలుపు గడ్డి గింజలు పిండిలో కలవడం వల్ల ఆ మత్తు కలుగుతున్నదని ఆయన తేల్చాడు. ఆ ప్రయాణంలో ఆయనకు ఒక అవమానం కూడా ఎదురైంది. జర్మన్ గూఢచారియేమోనని అనుమానించి రష్యా సైనికులే ఆయనను కొద్దిరోజులు నిర్బంధించారు. గూఢచారి అనే నింద ఆయనను అంతటితో విడిచిపెట్టలేదు. ఆ సంగతి తరువాత చూద్దాం.

1917లో ఓల్గా నదీతీరంలోని సరాతోవ్ నగరంలో ఆచార్యుడైనాడు. దేశంలో విప్లవం, అంతర్యుద్ధం, ఆకలి. అయినా ఆయన విద్యార్థులను వెంటబెట్టుకొని వేకువజామునే పొలానికి చేరేవాడు. రోజుకు నాలుగైదు గంటలకు మించి నిద్రపోయేవాడు కాదని ఆయనను ఎరిగినవారు చెప్పుకొనేవారు. 1919లో మొక్కల నిరోధకశక్తిపై ఆయన గ్రంథం వెలువడింది. మానవ శరీరంలోని రోగనిరోధకశక్తిని పరిశోధించిన మెచ్నికోవ్ స్మృతికి దానిని అంకితమిచ్చాడు. అందులోని ఆలోచన ఈనాటికీ పాతబడలేదు. పరాన్నజీవి ఎన్ని రకాల మొక్కలమీద బ్రతకగలదు అనేది మొదట తెలుసుకోవాలి. అన్నింటి మీదా బ్రతికేదానికి లొంగని రకం దొరకడం కష్టం. కొన్ని మొక్కలకే కట్టుబడిన పరాన్నజీవి అయితే, ఆ మొక్కల బంధువర్గంలోనే దానికి లొంగని రకం ఎక్కడో ఉండి తీరుతుంది. ఆ బంధువర్గాన్ని సమగ్రంగా పరిశీలించాలి. పర్షియన్ గోధుమ అనే ఒక రకం బూడిద తెగులుకు లొంగకపోవడాన్ని గమనించే, అది ఇతర గోధుమలకు భిన్నమైన జాతి అని ఆయన గుర్తించాడు. నిరోధకశక్తి మొక్క కులగోత్రాలను కూడా తెలుపుతుందన్నమాట.

ఓల్గా ప్రాంతంలో ఆ రోజుల్లో మరొక సమస్య కూడా ఉండేది. పొద్దుతిరుగుడు వేళ్ళను ఆశ్రయించి బ్రతికే ఒక పరాన్నభుక్కు పంటను నాశనం చేస్తుండేది. మన పొగాకు చేలలో కనిపించే పొగాకు మల్లెకు అది దగ్గరి చుట్టం. దానిని తట్టుకొనే పొద్దుతిరుగుడు రకాలను ఎన్నిక చేసి పెంపొందించిన కేంద్రాలలో సరాతోవ్ ఒకటి. అంటే, శిలీంద్రాన్నే కాదు, వేరును పట్టిన కలుపును సైతం వంగడం బలంతో ఎదుర్కొనవచ్చునని రుజువైన నేల అది.

1920లో సరాతోవ్‌లో జరిగిన సభలో వావిలోవ్ మరొక సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. దగ్గరి బంధుత్వం గల మొక్కలలో ఒకదానిలో ఏ లక్షణ భేదాలు కనిపిస్తాయో, రెండవదానిలో కూడా అటువంటి భేదాలు కనిపిస్తాయి. గోధుమలో ఉన్న ఒక లక్షణం రై ధాన్యంలో ఇంతవరకు కనబడకపోతే, అది లేదని కాదు, మనం ఇంకా వెదకలేదని అర్థం. ఈ మాటతో వృక్షశాస్త్రజ్ఞునికి అన్వేషకుని బాధ్యత కూడా వచ్చిపడింది.

1921లో ఆయన పెట్రోగ్రాడ్‌లోని వృక్షశాస్త్ర సంస్థకు అధిపతిగా వెళ్ళాడు. ఆ నగరానికే తరువాత లెనిన్‌గ్రాడ్ అనే పేరు వచ్చింది. అదే సంవత్సరం ఓల్గా తీరాన్ని మరొక కరువు కబళించి లక్షలాది ప్రాణాలను బలిగొన్నది. విత్తనం కూడా తినవలసి వచ్చిన రైతులకు మరుసటి పంట ఉండదు. వావిలోవ్ అమెరికా వెళ్ళి విత్తనాలు సేకరించి తెచ్చాడు. ప్రపంచంలోని పంటలన్నింటి విత్తనాలనూ ఒకచోట భద్రపరచాలనే సంకల్పం ఆయనలో దృఢపడింది.

ఆ తరువాత పదిహేనేండ్లపాటు ఆయన చేసిన యాత్రలను వర్ణించాలంటే వేరొక గ్రంథమే కావాలి. 1924లో అఫ్గానిస్తాన్ కొండదారులలో గుర్రాలపై వేల మైళ్ళు తిరిగాడు. 1926-27లో మధ్యధరా సముద్రతీర దేశాలు, అబిసీనియా చూశాడు. 1929లో పశ్చిమ చైనా, జపాను, కొరియా. 1930లో మెక్సికో, మధ్య అమెరికా. 1932-33లో దక్షిణ అమెరికా. వెళ్ళిన ప్రతిచోటా ఆ ప్రాంతపు భాషను కొంతైనా నేర్చి, సంతలలో తిరిగి, రైతుల గాదెల వద్ద కూర్చొని గుప్పెడు గింజలు అడిగి తీసుకొనేవాడు. శాస్త్రజ్ఞుడు రైతు ముందు చేయిచాచి నిలబడిన దృశ్యం అది. మన దేశానికి ఆయన స్వయంగా రాలేదు. ఆయన సహచరుడు మార్కోవిచ్ వచ్చి ఇక్కడి విత్తనాలను సేకరించి తీసుకువెళ్ళాడు.

ఈ యాత్రల ఫలితంగా ఆయన ఒక మహత్తరమైన భావనను లోకానికి అందించాడు. ఏ ప్రాంతంలో ఒక పంటకు అత్యధిక వైవిధ్యం కనిపిస్తుందో ఆ ప్రాంతమే ఆ పంటకు పుట్టిల్లు అని ఆయన 1926లో ప్రతిపాదించాడు. ఆ దృష్టితో చూస్తే మన పొలాల చరిత్ర ఆశ్చర్యం కలిగిస్తుంది. గుంటూరు పేరు చెప్పగానే గుర్తుకు వచ్చే మిరపకూ, నేడు మన రేగడి నేలలలో విరివిగా పండే అమెరికన్ పత్తికీ పుట్టినిల్లు మెక్సికో ప్రాంతం. వంకాయ, చెరకు మనవైపువి. జొన్న పుట్టిల్లు ఈశాన్య ఆఫ్రికా. అబిసీనియాలో వావిలోవ్ కంచరగాడిదల బిడారుతో కొండలెక్కి దిగుతూ గోధుమ, బార్లీ, జొన్నల అపార వైవిధ్యాన్ని కన్నులారా చూశాడు. ఆ దేశ రాజప్రతినిధి, తరువాత హైలే సెలాసీ చక్రవర్తిగా ప్రసిద్ధుడైన రాస్ తఫారి, ఆయనతో పంటలను గురించి ముచ్చటించాడు.

పుట్టిల్లు తెలియడం వల్ల ప్రయోజనమేమిటి? పంటా, దానిని పీడించే పరాన్నజీవీ యుగయుగాలుగా కలిసి బ్రతికినచోట రెంటికీ పోరు సాగుతూనే ఉంటుంది. లొంగిన మొక్కలు నశిస్తాయి. తట్టుకొన్నవి మిగులుతాయి. కనుక నిరోధకశక్తి గల రకాలను వెదకవలసినది అక్కడే. జొన్నమల్లె జాతి కూడా సూడాన్, అబిసీనియా ప్రాంతాలలోనే ఉద్భవించిందని నేటి శాస్త్రజ్ఞులలో పలువురి అభిప్రాయం. తాళం ఉన్నచోటనే తాళపుచెవి కూడా ఉన్నదన్నమాట.

1940 నాటికి ఆయన సంస్థలో దాదాపు రెండున్నర లక్షల విత్తన నమూనాలు చేరాయి. అప్పటికి ప్రపంచంలో అంత పెద్ద విత్తన భాండాగారం మరొకటి లేదు. కాని అప్పటికే ఆయనపై కారుమబ్బులు కమ్ముకొన్నాయి. కొత్త వంగడాన్ని సృష్టించడానికి పది, పన్నెండేండ్లు పడుతుందని వావిలోవ్ ఉన్న మాట చెప్పాడు. రెండు మూడేండ్లలో చేసి చూపిస్తానని లైసెంకో అనే మరొకడు ముందుకు వచ్చాడు. జన్యువులనేవే లేవనీ, పెంపకంతోనే మొక్క స్వభావాన్ని మార్చవచ్చుననీ అతని వాదం. పాలకుడైన స్టాలిన్‌కు ఆ తొందరే నచ్చింది. విచారకరమైన విషయమేమంటే, తొలిరోజులలో లైసెంకోను ప్రోత్సహించినవారిలో వావిలోవ్ కూడా ఉన్నాడు. రైతు కుటుంబం నుండి వచ్చిన ఆ యువకునిలో ఆయన ఉత్సాహాన్ని చూశాడు. లోపాన్ని చూడడంలో ఆలస్యం చేశాడు. చూచిన తరువాత మాత్రం వెనుదీయలేదు. సభలలో జన్యుశాస్త్రం పక్షాన నిలబడి వాదించాడు. 1939లో ఎడింబరోలో జరిగిన అంతర్జాతీయ జన్యుశాస్త్ర మహాసభకు ఆయనను అధ్యక్షునిగా ఎన్నుకొన్నారు. వెళ్ళడానికి ప్రభుత్వం అనుమతించలేదు.

1940 ఆగస్టు 6న పశ్చిమ ఉక్రెయిన్‌లో విత్తనాలు సేకరిస్తుండగా ఆయనను నిర్బంధించారు. వ్యవసాయాన్ని ధ్వంసం చేశాడనీ, ఇంగ్లండుకు గూఢచారిగా పనిచేశాడనీ నేరాలు మోపారు. 1941 జూలైలో మరణశిక్ష విధించారు. మరుసటి సంవత్సరం దానిని ఇరవై ఏండ్ల కారాగారంగా మార్చారు. అప్పటికి ఆయన సరాతోవ్ కారాగారంలో ఉన్నాడు. పాఠాలు చెప్పిన ఊరిలోనే బందీ అయ్యాడు. భార్య ఎలేనా బారులినా కూడా వృక్షశాస్త్రవేత్త. ఆమె చిన్న కుమారునితో అదే నగరంలో తలదాచుకొని ఉంది. భర్త తనకు కూతవేటు దూరంలో ఉన్నాడని ఎరుగక ఆమె మాస్కో చిరునామాకు ఆహారపు పొట్లాలు పంపుతూ వచ్చింది. కారాగారంలో వావిలోవ్ తోటి ఖైదీలకు వృక్షశాస్త్రం బోధించాడు. ప్రపంచ వ్యవసాయ చరిత్రను గురించి ఒక గ్రంథం వ్రాశాడు. ఆ వ్రాతప్రతి దక్కలేదు. ఆకలితో క్రుంగి కృశించి 1943 జనవరి 26న కన్నుమూశాడు. లోకానికి తిండి పెట్టాలని గింజలు ఏరిన మనిషి తిండిలేక పోయాడు.

లెనిన్‌గ్రాడ్‌లో ఆయన శిష్యుల కథ కూడా ఇందులో భాగమే. 1941 సెప్టెంబరు నుండి 1944 జనవరి వరకు జర్మన్ సైన్యాలు ఆ నగరాన్ని ముట్టడించాయి. వీధులలో జనం ఆకలితో పడిపోతున్నారు. సంస్థలో బస్తాల కొలది ధాన్యం ఉంది. ఉద్యోగులు దానిని ముట్టలేదు. ఎలుకల నుండి, చలి నుండి, దొంగల నుండి కాపాడుతూ వంతులవారీగా కావలి కాశారు. వరి విభాగాన్ని చూచే ద్మీత్రి ఇవానోవ్ వేలాది వరి విత్తనాల పొట్లాల మధ్య ఆకలితో మరణించాడు. వేరుసెనగ నిపుణుడు అలెగ్జాండర్ ష్చూకిన్ తన బల్ల వద్దనే ప్రాణం విడిచాడు. వారి నాయకుడు అప్పటికి బ్రతికి ఉన్నాడో లేదో వారెవరికీ తెలియదు.

1955లో సోవియట్ న్యాయస్థానం వావిలోవ్‌పై తీర్పును రద్దుచేసింది. తరువాతి కాలంలో ఆ సంస్థకు ఆయన పేరే పెట్టారు. ఆయన చూపిన పద్ధతిలోనే ప్రపంచమంతటా విత్తన నిధులు వెలిశాయి. హైదరాబాదు సమీపాన పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ సంస్థలో ముప్పైఆరు వేలకు పైగా జొన్న నమూనాలు భద్రంగా ఉన్నాయి.

జొన్నమల్లె రహస్యం క్రమంగా విడివడింది. దాని విత్తనాన్ని మేల్కొలిపే రసాయనాన్ని శాస్త్రజ్ఞులు 1966లో మొదట వేరుచేసినది జొన్న నుండి కాదు, పత్తి వేళ్ళ స్రావం నుండి. పత్తి చేలో మల్లె గింజలు మోసపోయి మొలకెత్తుతాయి. పత్తి వేరును పట్టుకొనే శక్తి వాటికి లేదు కనుక చచ్చిపోతాయి. జొన్న తరువాత పత్తి వేస్తే మల్లె తగ్గడానికి ఇది ఒక కారణం. ఇక జొన్నలోనే సహజమైన రక్షణలు రెండు తీరులలో కనిపించాయి. కొన్ని రకాలు ఆ రసాయనాన్ని అతి స్వల్పంగా స్రవిస్తాయి. మల్లె విత్తనానికి మెలకువే రాదు. ఇథియోపియాలో పేద కుటుంబంలో పుట్టిన గెబిసా ఎజెటా ఇటువంటి గుణాన్ని అధిక దిగుబడి వంగడాలలోనికి తెచ్చి, 2009లో ప్రపంచ ఆహార పురస్కారం అందుకొన్నాడు. రెండవ తీరుకు ఉదాహరణ ఎన్-13 అనే భారతీయ జొన్న. దీని వేళ్ళ దగ్గర మల్లె మొలకెత్తుతుంది, అంటుకొంటుంది కూడా. కాని వేరు లోపలి పొరలలోని కణాల గోడలు దళసరిగా ఉండడం వల్ల చూషకం లోనికి చొరలేక ఆగిపోతుంది. 1980 దశకంలో ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు సూక్ష్మదర్శినితో దీనిని గమనించారు.

వేల ఏండ్ల క్రితం ఆఫ్రికా నుండి సముద్రం దాటి జొన్న మన దేశానికి వచ్చింది. పుట్టినింటికి దూరంగా, ఇక్కడి రైతుల చేతులలో, అది ఈ గట్టి వేరును నిలబెట్టుకొన్నది. వావిలోవ్ సూత్రం పుట్టింటిలో వెదకమన్నది. ఈసారి జవాబు మెట్టినింటిలో దొరికింది. సూడాన్ రైతులకు అలవాటైన తబత్, వాద్ అహ్మద్ మొదలైన జొన్నలతో ఎన్-13ను సంకరపరచి, దాని నిరోధక గుణాన్ని వాటిలోనికి తెచ్చారు. అలా రూపొందిన వంగడాలు 2012లో సూడాన్‌లో విడుదలైనాయి.